వదిన మోసిన మాట

ఒకే కప్పు కింద పనిచేసే అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోతే, మధ్యలో ఉన్న మనిషికి ఎంత చాకిరీ పెరుగుతుందో తెలుసుకోవాలంటే వదినను అడగాలి. మాటలు మోసినందుకు కూలి ఇచ్చే రివాజు ఉంటే ఆమె ఈపాటికి మేడ కట్టేసేది.

ఆ చెక్కపని షెడ్డులో ఉండేదే ముగ్గురు. కోసి, చెక్కి, బిగించేది ఆమె భర్త. గరుకు తీసి పాలిష్ పట్టేది ఆయన చెల్లెలు. దీపాలు, స్విచ్చులు, వైర్లు ఉన్న సామాను వస్తే చూసేది వదిన. రేడియోలు బాగుచేసే తండ్రి ఒళ్ళో పెరిగిన మనిషి, అక్షరాలు దిద్దడం కంటే ముందే టంకం పెట్టడం నేర్చుకుంది. ఆడపడుచు 'వదినా, వదినా' అని పిలవగా పిలవగా ఆ పిలుపు వీధంతా పాకింది. ఇప్పుడు తల నెరిసిన పెద్దమనుషులు కూడా గుమ్మంలో నిలబడి "వదినా, నా కుర్చీ అయిందా?" అని అడుగుతారు.

భర్తకు చెల్లెలు పెట్టిన పేరు ఇంజిన్. ఒకసారి కదిలాడంటే ఆపడం ఎవరి తరమూ కాదు, పైగా చప్పుడు ఎక్కువ. చెల్లెలికి ఆయన పెట్టిన పేరు బంక. చిన్నప్పుడు అన్న చొక్కా అంచు పట్టుకొని బడికీ ఆటకీ ఎక్కడికి వెళ్తే అక్కడికి అంటుకు తిరిగేదట. పెద్దవాళ్ళయ్యాక కూడా ఆ పేర్లు వాళ్ళను వదల్లేదు. మాటలే వదిలేశాయి.

కారణం వింటే బయటివాళ్ళకు నవ్వొస్తుంది, వదినకు మాత్రం ఏడుపొచ్చింది. వానలు పడకముందే షెడ్డు సర్దాలని ఇంజిన్ ఒక ఉదయం నడుం బిగించి, పాత సామానంతా ఇనుము కొనేవాడి బండికెత్తించాడు. అందులో చనిపోయిన తండ్రి జిగురు కాచుకున్న ఇనప కుండ కూడా ఉంది. బంక ఎవరికో బల్ల అప్పగించి వచ్చేసరికి అలమర పైన కుండ లేదు, అది కూర్చున్న చోట గుండ్రటి తుప్పు మచ్చ మాత్రం ఉంది.

"కుండేదీ?" అంది.

"ఏ కుండ? ఆ తుప్పు ముక్కా? పోయింది," అన్నాడు ఇంజిన్, తలెత్తకుండా.

బంక మారు మాట్లాడలేదు. అరిచి గోల చేసినా బాగుండేదని వదిన తర్వాత చాలాసార్లు అనుకుంది. అరిచిన మనిషి అలిసిపోయి ఏదో ఒకప్పుడు ఆగుతుంది, మూతి బిగించుకున్న మనిషికి అలుపేముంది? ఆ రోజునుంచి వాళ్ళిద్దరి మాటలూ వదిన నెత్తికెక్కాయి.

"వదినా, మీ ఆయనకి చెప్పు, ఈ తలుపు అంచు సరిగ్గా చెక్కలేదని." చెప్పేది ఆ ఆయన మూరెడు దూరంలో నిలబడి ఉండగానే.

"ఏమే, మీ ఆడపడుచుకి చెప్పు, కళ్ళద్దాలు తుడుచుకుని చూడమని."

వదిన ఈ పనిలో చెయ్యి తిరిగాక ఒక ఉపాయం కనిపెట్టింది. మాటల్ని ఉన్నవున్నట్టు మోస్తే ముళ్ళు తనకే గుచ్చుకుంటాయి కనుక, దారిలో కాస్త నునుపు చేసి అప్పగించేది. "దాని చేతులు చేతులా, మొద్దులా?" అని ఆయన గర్జిస్తే, "కొంచెం తొందరగా అవుతుందా అని అడుగుతున్నారమ్మా" అనేది. "ఆ మనిషికి మిషన్ ఉంటే చాలు, మెదడు అక్కర్లేదు" అని బంక విసిరితే, "మీరు మరీ కష్టపడిపోతున్నారట" అనేది. గరుకు తీయడం ఆ షెడ్డులో బంక పని అనుకుంటారు గానీ, అసలు గరుకు తీసింది వదినే.

ఎంత నునుపు చేసినా లాభం లేకపోయింది. ఒకరోజు పొద్దున్నే టిఫిన్ తింటూ బంక వదిన చెవిన ఒక మాట వేసింది. ఊరి బయట తలుపుల ఫ్యాక్టరీ ఒకటి ఆమెను పాలిష్ విభాగానికి రమ్మని పిలిచింది. ఉండడానికి గది కూడా ఇస్తారట.

"చేతిలో ఉన్న పని అయ్యాక వెళ్ళిపోతా వదినా. మీ ఆయనకి నువ్వే చెప్పు."

వదిన ప్లేటు పక్కకు జరిపేసింది. పెళ్ళై ఆ ఇంటికి వచ్చిన కొత్తలో, అన్నీ కొత్త ముఖాలైన రోజుల్లో, తన పక్కన కూర్చుని తన సోల్డరింగ్ ఐరన్‌ను ముట్టుకుని వేలు కాల్చుకున్న పిల్ల ఇది. ఈ పిల్ల వెళ్ళిపోతే షెడ్డు సగమవుతుంది, ఇల్లు సగమవుతుంది, తనూ సగమవుతుంది. ఆ మాట మాత్రం భర్తకు ఎలా నునుపు చేసి చెప్పినా గుచ్చుకునేదే. చెప్పింది. ఆయన "వెళ్ళనీ" అన్నాడు, ఆ పూట కంచంలో సగం వదిలేసి లేచాడు.

చేతిలో ఉన్న ఆ ఆఖరి పని ఒక గేమ్ పెట్టె.

నిలువెత్తు చెక్క పెట్టె, ముందు తెర, తెర కింద ఆట ఆడించే కర్ర, బటన్లు, నాణెం వేసే చీలిక. ఒకప్పుడు పిల్లలు బడి ఎగ్గొట్టి వీటి ముందు గుంపులు గుంపులుగా నిలబడేవాళ్ళు. ఎప్పుడో మూతపడ్డ ఆటల గది సామాను అమ్ముతుంటే ఒక పళ్ళ డాక్టరు కొని తెచ్చాడు. తన దగ్గరికి వచ్చే పిల్లలు కుర్చీ చూసి ఏడుస్తున్నారనీ, వరస వచ్చేదాకా ఆడుకుంటూ ఉంటే భయం మర్చిపోతారనీ ఆయన ఆశ. "రంగులు, బొమ్మలు వద్దండీ, లోపల చెక్క కనపడేలా చెయ్యండి" అన్నాడు. ఎందుకంటే రెండు పక్కలా అంటించిన ప్లాస్టిక్ స్టిక్కర్లు ఎండిపోయి, చినిగి, చర్మం ఊడినట్టు వేలాడుతున్నాయి. ఒక మూల చినిగిన చోట టేకు గీతలు తొంగి చూస్తున్నాయి.

పెట్టె దించిన రోజే ఇంజిన్ వెనక తలుపు తీసి, టార్చి పట్టుకుని, నడుం దాకా లోపలికి దూరాడు. ఎప్పటిలా అయితే "ఇదేం బిగింపు, గాడిదలు చేసిన పని" అని లోపల్నుంచే తిట్లు వినిపించాలి. ఉలుకూ పలుకూ లేదు. చాలాసేపటికి బయటికొచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని, వీధిలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాడు. వదినకు వింతగా అనిపించినా అడగలేదు. ఇద్దరి మాటలు మోసే మనిషికి మూడో వింత నెత్తికెత్తుకునే ఓపిక ఎక్కడిది?

బంక ఎడమ పక్కతో మొదలుపెట్టింది. పాత జిగురు తీయడం అంటే ఆమెకు చెప్పలేనంత ఇష్టం, బహుశా ఆ ఇష్టమే ఆమెను ఇంజిన్ నుంచి వేరు చేసింది. ఆయనైతే సాండింగ్ మిషన్ పెట్టి గర్రుమనిపించేవాడు, జిగురు వేడెక్కి గరుకు కాగితాన్ని నింపేసేది, మామూలు చెక్క మీద అతికించిన పల్చటి టేకు పొర కాస్తా పొడైపోయేది. ఈమె హెయిర్ డ్రయ్యర్ తీసుకుని స్టిక్కర్ మూలను వెచ్చబెట్టింది. మెత్తబడ్డాక మూల ఎత్తి, పైకి కాకుండా వెనక్కి, చెక్కకు ఆనించినట్టే మెల్లగా లాగింది. వెచ్చబెట్టడం, లాగడం, ఆగడం. స్టిక్కర్ పోయినా దాని జిగురు గోధుమరంగు మచ్చలుగా చెక్కనే పట్టుకుని ఉండిపోయింది.

దాని మీద వంటనూనె రాసి, పాలిథిన్ కప్పి, చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏం చేస్తున్నావే బంకా?" అంది వదిన, తెర వెనక వైర్లు విప్పుతూ.

"ఆగుతున్నా."

"ఆగడం కూడా పనేనా?"

"అదే పని వదినా. గోకడం ఎవరైనా గోకుతారు. మీ ఆయన్ని చూడు, చెక్కనీ గోకుతాడు, మనుషుల్నీ గోకుతాడు."

నూనె దిగాక జిగురు ఉబ్బింది. ఇనప బ్లేడు ముట్టుకోకుండా, పనికిరాని పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో తోస్తే రబ్బరుతో చెరిపినప్పుడు వచ్చే నలుసుల్లా చుట్టలు చుట్టుకుని లేచొచ్చింది. ఆ తర్వాత టర్పెంటైన్ గుడ్డతో చెక్క గీతల వెంటే తుడిచింది. టేకు మెరిసింది. అప్పటిదాకా పెట్టె వైపు చూడనట్టు నటిస్తున్న ఇంజిన్ కూడా ఒక క్షణం మిషన్ ఆపి చూశాడు. చూసి, చూడనట్టు మళ్ళీ వేశాడు.

కుడి పక్క మాత్రం మొండికేసింది. స్టిక్కర్ కింద ఇంకేదో ఉంది. పైభాగంలో ఏదో దెబ్బను కప్పడానికి కాబోలు, ఎవరో అంతకుముందే ఒక కాగితం పోస్టర్ పక్క నిండా అతికించారు. ఆ కాగితం మీద వేడి పనిచేయలేదు, నూనె పారలేదు. బంక వేలు తడిపి ఒక మూల రుద్దింది. వేలి కింద తెల్లగా, జారుడుగా అయింది.

"మైదా జిగురు. దీనికి నీళ్ళే మందు," అంది. అంతలోనే అనుమానపడింది. "కానీ ఇంత మేర తడిపితే కింద టేకు పొర ఏమవుతుందో. పెట్టె దేనితో అతికించారో బట్టి ఉంటుంది. వదినా, మీ ఆయన లోపల దూరి చూశాడు కదా, తడిగుడ్డ వెయ్యనా అని అడుగు."

వదిన ఎగురుకుంటూ వెళ్ళింది. ఎందుకంటే అన్నను సలహా అడగడం బంక నోట ఎన్నాళ్ళకో వచ్చిన మాట. ఇంజిన్ చెక్క చదును చేసే మిషన్ మీద ఉన్నాడు, షెడ్డంతా హోరుమంటోంది.

"ఏమండీ, కుడి పక్క తడిగుడ్డ వెయ్యనా అని అడుగుతోంది."

ఇంజిన్ మిషన్ మీంచి తలెత్తకుండానే అరిచాడు. "అది సరే..." మాట తోక మిషన్ చప్పుడులో కొట్టుకుపోయింది.

వదిన నెత్తిన పాలు పోసినట్టయింది. సరే! ఈ మనిషి నోట సరే అన్న మాట, అదీ చెల్లెలు అడిగిన దానికి! ఇంకోసారి అడిగితే ఎక్కడ మాట మార్చేస్తాడోనన్న భయంతో అక్కడ నిలబడలేదు.

"సరే అన్నారు," అంది.

బంక కనుబొమలు ఎగరేసింది. "సరే అన్నాడా? అంత తేలిగ్గానా?"

"ఒక్క మాటలో అన్నారమ్మా. ఈ ఒక్కదాన్నీ నేను నునుపు కూడా చెయ్యలేదు."

వేడినీళ్ళలో పిండిన పాత దుప్పటి ముక్కల్ని బంక కుడి పక్క నిండా పరిచింది, మీద పాలిథిన్ కప్పింది. అందరూ భోజనానికి వెళ్ళారు. వదిన ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది, సంతోషానికి.

తిరిగొచ్చి గుడ్డ తీస్తే కాగితం ఉడికిన దుంప తొక్కలా వచ్చేసింది. బంక నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. కాగితం కింద టేకు పొర అక్కడక్కడా బుడగలు పోసుకుంది. అడుగు అంచు పూర్తిగా విడిపోయి, తడిసిన పుస్తకం అట్టలా పైకి చుట్టుకుంది. దాని వెనక నుంచి ఒక వాసన లేచింది. తడిసిన తోలు వాసన, కాస్త కాలినట్టు కూడా. వదినకు ముక్కు మూసుకోవాలనిపించింది. బంక మాత్రం ఇంకా దగ్గరగా వంగింది, కళ్ళు మూసుకుంది, ముఖం పాలిపోయింది.

"వదినా, మీ ఆయన్ని పిలు," అంది.

పిలవక్కర్లేకపోయింది. ఇంజిన్ గుమ్మంలోనే ఆ వాసన పట్టి, పరుగున వచ్చాడు. చూసి, ఒంటికాలి మీద లేచాడు.

"తడిపావా! దీన్ని తడిపావా! సరేసు అని చెప్పాను కదా!"

"సరే అన్నావట కదా!" బంక గొంతు కూడా లేచింది.

"సరే అనలేదు, సరేసు అన్నాను! సరేసు!"

"నువ్వు మిషన్ ఆపి చెప్పి ఏడిస్తే కదా!"

"నువ్వొచ్చి అడిగి ఏడిస్తే కదా!"

మధ్యలో నిలబడిన వదిన అటు ఒకసారి, ఇటు ఒకసారి చూసింది. "సరేసు అంటే ఏంటండీ?" అంది చిన్న గొంతుతో.

ఇద్దరూ ఆగిపోయి ఆమె వైపు తిరిగారు. ఇన్నేళ్ళూ ఆ షెడ్డులో బతికిన మనిషికి ఆ మాట తెలియదని ఇద్దరికీ అప్పుడే తట్టింది. తెలిసే వీలేదీ? సీసాల్లో తెల్ల జిగురు వచ్చాక ఆ మాట వాడిన మనిషి ఒక్కడే, మామగారు. వదిన కాపురానికి వచ్చేనాటికి ఆయన మంచం పట్టారు.

"పశువుల తోలు కాచి చేసే జిగురు వదినా," అంది బంక, గొంతు దించి. "వేడిగా రాస్తే రాయిలా పట్టేస్తుంది. వేడినీళ్ళు తగిలితే వదిలేస్తుంది."

వదిన చేతిలో స్క్రూడ్రైవర్ ఉందని కూడా మర్చిపోయి అలాగే స్టూలు మీద కూలబడింది. "నా వల్లే కొంప మునిగింది. మీరు సరే అనాలని నాకు ఎంతగా ఉందంటే, సరే అనే వినపడింది. ఆ చివర 'సు' ఏదో ఉందని తెలుసు నాకు. తెలిసీ, ఏదో దగ్గేరనుకున్నా. బంక వెళ్ళిపోతుందని నాకు అన్నం సహించట్లేదండీ. మీ ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి నా తల ప్రాణం తోకకొచ్చింది!" అని, చేతుల్లో ముఖం పెట్టుకుని నిజంగానే ఏడ్చేసింది.

ఇంజిన్‌కు భార్య ఏడుపు ముందు కోపం నిలబడదు, అదొక్కటే ఆయనలో నెమ్మదైన భాగం. పెట్టె దగ్గర కూర్చుని, చుట్టుకున్న అంచు వెనక వేలు పెట్టి చూశాడు. "చిరగలేదు. తడికి ఊడింది, అంతే. ఆరి బిగుసుకుపోకముందే కొత్త సరేసు పెట్టి నొక్కితే మళ్ళీ పట్టేస్తుంది." తడిగుడ్డ తీసి మళ్ళీ దాని మీద పరిచాడు. "కానీ సరేసు ఎక్కడిది ఇప్పుడు? కాచడానికి కుం..."

మాట మధ్యలో మింగేశాడు. ఇద్దరూ అలమర వైపు చూడకుండా ఉండడానికి పడిన పాట్లు చూస్తే వదినకు ఏడుపులోనూ ఒళ్ళు మండింది. కళ్ళు తుడుచుకుని లేచింది.

"కుండ లేకపోతే పాల కుక్కర్ ఉంది. అదీ రెండు పొరల గిన్నే, మధ్యలో నీళ్ళుంటాయి, అడుగంటదు. ఆ సరేసు ఎక్కడ దొరుకుతుందో అది చెప్పండి ముందు."

నాలుగు వీధుల అవతల వయొలిన్లు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. వయొలిన్‌ను ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సిందే కనుక ఆయన ఇప్పటికీ దానితోనే అతుకుతాడు. వదిన దారి పొడవునా 'సరేసు, సరేసు' అని మంత్రంలా వల్లించుకుంటూ వెళ్ళింది. పంచదార పలుకుల్లా ఉన్న గోధుమరంగు గింజలు ఒక పొట్లం తెచ్చింది. ముందు చల్లటి నీళ్ళలో నానాలి, తర్వాత వెచ్చబడాలి, మరగకూడదు, రాశాక ఊపిరి తీసేలోపే గడ్డకడుతుంది, మీనమేషాలు లెక్కపెట్టే వాళ్ళకి ఇవ్వను అని ముసలాయన బెదిరించి మరీ ఇచ్చాడు.

గింజలు నానుతుంటే ముగ్గురికీ చేయడానికి ఏమీ లేకపోయింది. బంకకు ఆగడం అలవాటే. ఇంజిన్‌కే అది చావుకొచ్చింది. లేచాడు, కూర్చున్నాడు, ఉలి పదును చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"నీకు ముందే తెలుసు కదా," అంది బంక, అటువైపు చూడకుండా. మధ్యలో 'వదినా' లేదు. "ఇది నాన్న ఆటల గదికి చేసిచ్చిన పెట్టె అని. నాకు ఆ మాడు వాసనతో ఇప్పుడు తెలిసింది."

ఇంజిన్ తల ఊపాడు. "లోపలి మూలల్లో సరేసు పొంగి కారిన చోట బొటనవేలితో తుడిచిన గీతలున్నాయి. ఎవరు తుడుస్తారలా? గుడ్డ పక్కనే ఉన్నా వేలితోనే తుడిచేవాడు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"ఎవరితో చెప్పి పంపాలి? దీంతోనా?" అని భార్య వైపు చూపించాడు. "ఇలాంటివి ఎవరి చేతైనా చెప్పించేవా?"

పొయ్యి మీద పెట్టాక గింజలు కరిగి తేనెలా అయ్యాయి. పాల కుక్కర్ మూతి నుంచి ఆ వాసన షెడ్డంతా కమ్మింది. ఇంజిన్ మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి, పొయ్యితో చెప్తున్నట్టు చెప్పాడు.

"కుండ తుప్పు పట్టిందని తీసెయ్యలేదే. వానాకాలం తేమకి అందులో మిగిలిన సరేసు వాసన లేచేది. ఆ వాసన వస్తే నాన్న వెనకే నిలబడి నా పని చూస్తున్నట్టుండేది. చేతులు ఆడేవి కావు. ఉలి తప్పేది. ఎవరితో చెప్పుకోను, పెద్ద ఇంజిన్ని కదా? అందుకే తీసేశాను. బండి మలుపు తిరిగాక వెనక పరిగెత్తాను కూడా. అందలేదు."

బంక గరిటె తిప్పుతూనే ఉంది. ఆమె కళ్ళు పొగకు కాకుండానే నీళ్ళు పెట్టుకున్నాయి.

"నేను రోజూ పొద్దున నువ్వు రాకముందు మూత తీసి వాసన చూసేదాన్ని," అంది. "దాని కోసమే నాకా కుండ. నువ్వు దాన్ని పారేశావని కాదు. నన్ను అడగలేదని."

"అడగాల్సింది," అన్నాడు ఇంజిన్. ఆయన నోట అటువంటి మాట వదిన కాపురంలో అదే మొదటిసారి. ఈసారి మిషన్ ఏదీ తిరగడం లేదు కనుక తప్పు విన్నానేమోనని అనుమానపడే పని కూడా లేకపోయింది.

ఆ తర్వాత జరిగింది పనో, యుద్ధమో చెప్పడం కష్టం. పెట్టెను పక్కకు పడుకోబెట్టారు. వెచ్చటి తడిగుడ్డతో బంక అడుగున మిగిలిన పాత జిగురు జిడ్డును తుడిచింది. అంచు ఎత్తి పట్టుకోవాల్సింది ఇంజిన్, బ్రష్షుతో సరేసు లోపలికి రాయాల్సింది బంక, వెంటనే మీద కాగితం వేసి ఇస్త్రీపెట్టెతో నొక్కాల్సింది వదిన. సరేసు ఎవరి కోసమూ ఆగదు. 'వదినా, మీ ఆయనకి చెప్పు' అనేలోపు గడ్డకట్టి కూర్చుంటుంది.

"ఇంకొంచెం ఎత్తు! అంత కాదు, విరుగుతుంది!"

"రాయవే తొందరగా, పెళ్ళిచూపులకి వచ్చావా!"

"అన్నయ్యా, చెయ్యి అడ్డం తియ్!"

"వదిలేశా, వదిలేశా! ఏమే, ఇస్త్రీ!"

"నొక్కుతున్నానండీ!"

"మధ్య నుంచి అంచుకి వదినా, అంచు నుంచి మధ్యకి కాదు! గాలి లోపలే ఉండిపోతుంది!"

బుడగల దగ్గర గీతల వెంట సన్నగా కోసి, కత్తి మొనతో సరేసు లోపలికి పంపారు. పొంగి బయటికి కారిన జిగురును తుడవడానికి ఇంజిన్ గుడ్డ కోసం చెయ్యి చాచాడు. బంక అంతకుముందే బొటనవేలితో ఒక్క గీత గీసి తుడిచేసింది. ఇంజిన్ ఆ వేలి వైపు చూశాడు. గుడ్డ పక్కన పడేసి, రెండో మూల తన బొటనవేలితో తుడిచాడు. పైన నున్నటి పలక వేసి, ఉన్న క్లాంపులన్నీ బిగించేసరికి పొద్దు వాలింది. ముగ్గురి చేతులూ ఒకదానికొకటి అంటుకునేలా ఉన్నాయి. వదిన ఇస్త్రీపెట్టె ఇక బట్టలకు పనికిరాదు, పాల కుక్కర్ పాలకు పనికిరాదు. ఆమెకు ఆ రెండిటి మీదా ఏమాత్రం బెంగ కలగలేదు.

మర్నాడు క్లాంపులు విప్పారు. బంక వేలి గోటితో పక్కంతా తట్టుకుంటూ పోయింది. ఎక్కడా గుల్ల చప్పుడు రాలేదు. అడుగున వెంట్రుకంత నల్లటి గీత ఒకటి మిగిలింది, పాలిష్ పట్టినా పోలేదు. పళ్ళ డాక్టరు వచ్చినప్పుడు ఇంజిన్ ఆ గీతను తనే వేలు పెట్టి చూపించాడు. డాక్టరు వంగి చూసి, "నేను రోజూ నోళ్ళలో చూసే వాటితో పోలిస్తే ఇదెంతండీ" అన్నాడు. వదిన స్విచ్ వేసింది. తెర వెలిగి కీచుమంటూ పాట మొదలుపెట్టింది. అంత పెద్దమనిషి చొక్కా చేతులు మడిచి, కర్ర పట్టుకుని, మూడు ఆటలూ ఓడిపోయి, చాలా ఆనందంగా వెళ్ళాడు. పెట్టెను బండెక్కించే ముందు అన్నాచెల్లెళ్ళు వెనక తలుపు తీసి ఇద్దరూ లోపలికి తలలు పెట్టి ఏం చూశారో, ఏం మాట్లాడుకున్నారో వదినకు వినిపించలేదు. వినాలని ఆమె ప్రయత్నించనూ లేదు.

పెట్టె వెళ్ళిపోయింది. చేతిలో ఉన్న పని అయిపోయింది.

బంక బ్రష్షులు కడిగి, ఆరబెట్టి, వరసగా పేర్చసాగింది. వదిన ఆ పేర్చడమే చూస్తూ నిలబడింది. సర్దుకుంటోందా, రోజూలాగే సర్దుతోందా? ఇంజిన్ భార్య పక్కకు చేరి, చెవి దగ్గర గొణిగాడు.

"ఏమే. దాన్ని ఉండమని చెప్పు."

వదిన తన స్క్రూడ్రైవర్లు డబ్బాలో పడేసి మూత గట్టిగా వేసింది. "నేను చెప్పను."

"అదేంటే!"

"మాటలు మోసే ఉద్యోగం మానేశాను. మోసిన మోతకి ఏమైందో చూశారుగా. ఏం చెప్పుకుంటారో వెళ్ళి మీ నోటితో మీరే చెప్పుకోండి."

ఇంజిన్ బిక్కమొహం వేశాడు. నాలుగు అడుగులు వేశాడు, ఆగాడు. అంతటి మనిషీ నేరుగా వెళ్ళి అడగలేక, ముందు మిషన్ దగ్గరికి వెళ్ళి స్విచ్ వేశాడు. షెడ్డు హోరెత్తింది. ఆ హోరు చాటు చేసుకుని, చేతిలో ఉత్త చెక్కముక్క ఒకటి పట్టుకుని, చెల్లెలి వైపు తిరిగి గొంతు చించుకున్నాడు.

"బంకా! ఇక్కడే ఉండిపోరాదే!"

బంక బ్రష్షులు పేర్చడం ఆపింది. అన్న మొహంలోకి చూసింది. ఏదో ఒక్క మాట అంది, నవ్వుతూ.

సరే అందో, సరేసు అందో, మిషన్ చప్పుడులో వదినకు సరిగ్గా వినిపించలేదు. ఈసారి ఏదైనా ఒకటే కనుక, వెళ్ళి అడగలేదు.